దూరం, చట్టం, ఊరు: మేళ్లచెరువు ప్రాంతం నేపథ్యంలో మానసిక ఆరోగ్య చట్టాల చరిత్ర

వ్యాస సంగ్రహం

మానసిక వ్యాధిగ్రస్తుల కోసం భారతదేశంలో 1858 నుంచి 2017 వరకు వచ్చిన చట్టాలను సాధారణంగా న్యాయశాస్త్ర పరిణామంగానో, వైద్యశాస్త్ర పురోగతిగానో వివరిస్తారు. ఈ వ్యాసం వాటిని ఒక ఊరి నుంచి ఆసుపత్రికి ఉన్న దూరం ఆధారంగా పరిశీలిస్తుంది. పూర్వపు నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ తాలూకాలోనిదై, నేడు సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న మేళ్లచెరువు నైజాం రాజ్యానికి, మద్రాసు ప్రెసిడెన్సీకి నడుమ సరిహద్దు ప్రాంతం. అందువల్ల రెండు పాలనల వారసత్వం, వాటి కలయిక, రాష్ట్ర విభజన తరువాతి స్థితి ఇక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. చట్టం భాష మారినంత వేగంగా చికిత్స చేరువ కాలేదనీ, 2017 చట్టం దూరాన్నే హక్కుల ప్రశ్నగా మార్చడం అసలైన మలుపు అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మానసిక ఆరోగ్య చట్టం, నైజాం పాలన, జాల్నా, ఎర్రగడ్డ, విశాఖపట్నం, మేళ్లచెరువు, సమీక్షా మండలి.

1. ప్రవేశిక

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మానసిక వ్యాధికి సంబంధించిన అధికారం రెండు చోట్ల కనిపిస్తుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు, వైద్యశాలలు రాష్ట్ర జాబితాలోని 6వ అంశం. ఉన్మాదం, మానసిక వైకల్యం, అటువంటివారిని చేర్చుకొనే స్థలాలు ఉమ్మడి జాబితాలోని 16వ అంశం. అంటే ఆసుపత్రిని కట్టి నడిపే భారం రాష్ట్రానిది. అందులోకి మనిషిని ఏ షరతులపై పంపాలో, ఎప్పుడు విడుదల చేయాలో నిర్ణయించే చట్టం మాత్రం ఆచరణలో కేంద్రానిది. తెలుగు ప్రాంతాల్లో మానసిక ఆరోగ్య సంస్కరణల చరిత్ర ఈ రెండు అధికారాల నడుమ ఉన్న ఖాళీలో నడిచింది.

ఈ ఖాళీ రాజధానిలో అంతగా కనిపించదు. ఆసుపత్రి, న్యాయస్థానం, సచివాలయం ఒకే నగరంలో ఉన్నచోట చట్టం నిబంధనలుగా, దస్త్రాలుగా చలామణీ అవుతుంది. ఊరిలో పరిస్థితి వేరు. ఒక ఇంట్లో మనిషికి మతి చలించినప్పుడు ఆ కుటుంబం ముందు నిలిచే ప్రశ్నలు మూడు. ఎవరికి చెప్పాలి? ఎక్కడికి తీసుకుపోవాలి? తిరిగి ఎప్పుడు వస్తాడు? ప్రతి చట్టమూ ఈ మూడింటికి ఏదో ఒక జవాబు చెప్పింది. ఆ జవాబుల క్రమమే ఈ వ్యాసానికి ఆధారం.

2. కృష్ణకు ఇటూ అటూ

కృష్ణా తీరానికి సమీపంలో, సున్నపురాతి నేలల మీద ఉన్న మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వర ఆలయానికీ, మహాశివరాత్రి జాతరకూ ప్రసిద్ధి. 1948 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు రాజ్యపు ఆగ్నేయపు అంచు. తూర్పున జగ్గయ్యపేట, నదికి ఆవల గుంటూరు జిల్లా పల్లెలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు రూపాయి. నడుమ కరోడ్‌గిరీ నాకాలు. ఒకే భాష, ఒకే చుట్టరికాలు ఉన్న ప్రజలు రెండు న్యాయవ్యవస్థల కింద జీవించారు.

అటువైపు ఉన్నది బ్రిటిష్ భారత చట్టం. 1858లో వచ్చిన 34, 35, 36 సంఖ్యల చట్టాలు ఈ విషయానికి తొలి సమగ్ర రూపమిచ్చాయి. మొదటిది ప్రెసిడెన్సీ నగరాల ఉన్నత న్యాయస్థానాలకు, రెండవది జిల్లా న్యాయస్థానాలకు, మూడవది ఉన్మాదుల ఆశ్రయాల నిర్వహణకు సంబంధించినవి. మొదటి రెండింటిలో ప్రధాన విషయం ఆస్తి. మతి చలించిన వ్యక్తి భూమి, ధనం ఎవరి అజమాయిషీలో ఉండాలన్నదే న్యాయస్థానం తేల్చవలసిన ప్రశ్న. ఆ తరువాత 1871లో విశాఖపట్నంలో ఆశ్రయం ఏర్పడింది. అదే ఏడాది మద్రాసు ఆశ్రయం కీల్పాకుకు మారింది. కృష్ణా, గుంటూరు మండలాల కుటుంబానికి దారి ఈ రెండింటిలో ఒకదానివైపు ఉండేది.

ఇటువైపు బ్రిటిష్ చట్టం చెల్లదు. హైదరాబాదు రాజ్యానికి తన శాసన, న్యాయ వ్యవస్థలు వేరుగా ఉండేవి; పాలన ఉర్దూలో నడిచేది. రాజ్యపు మానసిక చికిత్సాలయం మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. పాలనాభాషలో అది దారుల్ మజానీన్. జనం నోట పాగల్‌ఖానా. మేళ్లచెరువు నుంచి జాల్నాకు దారి హైదరాబాదు మీదుగా ఐదు వందల కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. తెలుగు మాట్లాడే రోగిని మరాఠీ, ఉర్దూ వినిపించే ఊరికి పంపడమంటే అతనిని చికిత్సకు పంపడం ఎంతో, తన మాట అర్థమయ్యే లోకం నుంచి వేరుచేయడం అంత.

గ్రామంలో ప్రభుత్వానికి ప్రతినిధులు పటేలు, పట్వారీలు. శాంతిభద్రతలు పోలీసు పటేలు చూసేవాడు. అతని పైన తాలూకా, ఆ పైన జిల్లా అధికారి అయిన అవ్వల్ తాలూక్‌దారు. ఇంత పొడవైన వరుసలో ఒక మనిషి విషయం పైకి చేరాలంటే అతని వల్ల ఊరికి ప్రమాదం ఉందన్న ఆరోపణ కావాలి. తనలో తాను కుమిలే మనిషి, మౌనంగా మూలన కూర్చున్న స్త్రీ ఈ వ్యవస్థ కంటికి ఆనరు. కృష్ణకు అటువైపు మునసబు, కరణాల వ్యవస్థలోనూ ఇదే ధోరణి. చట్టాలు వేరైనా రెండు పాలనలూ మానసిక వ్యాధిని ఆరోగ్య సమస్యగా కాక, శాంతిభద్రతల సమస్యగా, ఆస్తి సమస్యగా చూశాయి.

3. 1912 చట్టం: మేజిస్ట్రేటు చేతిలో తాళంచెవి

1858 నాటి చట్టాల స్థానంలో వచ్చిన 1912 నాటి ఇండియన్ లూనసీ ఆక్టుకు ఇంగ్లండులోని 1890 నాటి చట్టం నమూనా. దీని ప్రకారం భర్త, భార్య లేదా బంధువు అర్జీ పెట్టుకోవాలి. రెండు వైద్య ధ్రువపత్రాలు జతచేయాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తేనే ఆశ్రయంలో ప్రవేశం. తిరుగాడే ఉన్మాదులను, ప్రమాదకరులని తోచినవారిని పట్టుకొని మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచే అధికారం 13వ సెక్షను పోలీసుకు ఇచ్చింది. స్వచ్ఛందంగా చేరదలచినవారికి కూడా పర్యవేక్షకుల సమ్మతి అవసరమైంది.

ఈ చట్టాన్ని కేవలం నిర్బంధ సాధనంగా కొట్టివేయడం చారిత్రకంగా సరికాదు. ఆరోగ్యవంతులను ఆస్తి కోసం పిచ్చివారని ముద్రవేసి బంధించడాన్ని ఆపాలన్నది ఇంగ్లండు చట్టం వెనుక ఉన్న ప్రధాన భయం. న్యాయాధికారి ఉత్తర్వు, రెండు ధ్రువపత్రాలు ఆ భయం నుంచి పుట్టిన రక్షణలు. కానీ ఆ రక్షణ లోపలికి వెళ్లే ద్వారం దగ్గరే ఆగింది. లోపల ఎటువంటి చికిత్స అందాలి, మనిషి గౌరవం ఎలా నిలవాలి అన్నవాటిపై చట్టం చెప్పింది స్వల్పం. 1920లలో ఆశ్రయాల పేర్లు మానసిక వైద్యశాలలుగా మారినా ఈ లక్షణం మారలేదు.

1946లో భోర్ కమిటీ నివేదిక ఈ వ్యవస్థ ఎంత చిన్నదో అంకెల్లో చూపింది. 19 మానసిక వైద్యశాలల్లో మొత్తం 10,181 పడకలు. సుమారు 40,000 మంది జనాభాకు ఒక పడక. ఆ స్థితిలో చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చ అధిక సంఖ్యాకుల విషయంలో అప్రస్తుతం. వారు చట్టం పరిధిలోకి రానేలేదు.

4. జాల్నా నుంచి ఎర్రగడ్డకు

హైదరాబాదు భారత సమాఖ్యలో కలిసిన తరువాత ఈ ప్రాంతం కూడా దేశమంతటికీ వర్తించే 1912 చట్టం కిందికి వచ్చింది. 1950ల తొలి సంవత్సరాల్లో జాల్నా వైద్యశాల హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలింది. 1956 నాటి భాషాప్రయుక్త పునర్వ్యవస్థీకరణలో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో చేరింది. వైద్యశాల అప్పటికే తెలుగు నేలపై ఉంది. విశాఖపట్నం, ఎర్రగడ్డ వైద్యశాలలు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. కృష్ణకు ఇటూ అటూ ఉన్న కుటుంబాలకు తొలిసారిగా ఒకే చట్టం, ఒకే ప్రభుత్వం ఏర్పడ్డాయి.

మేళ్లచెరువు నుంచి చూస్తే ఈ తరలింపు చట్టంలో మార్పుకన్నా పెద్దది. ఐదు వందల కిలోమీటర్ల దూరం రెండు వందల లోపుకు తగ్గింది. బస్సు ఎక్కి ఒక రోజులో చేరగల చోటు అది. అక్కడ తెలుగు అర్థమయ్యే వైద్యులున్నారు. ఆసుపత్రి పేరుకన్నా ఊరి పేరే స్థిరపడింది. తెలంగాణలో ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో చినవాల్తేరు అన్నవి చిరునామాలుగా కాక ఎగతాళి మాటలుగా, సినిమా హాస్యంగా వాడుకలో పాతుకుపోయాయి. దగ్గరైన ఆసుపత్రి సిగ్గుపడే పేరైంది. దూరం తగ్గినా దారి సుగమం కాకపోవడానికి ఈ నింద ఒక కారణం. ఎర్రగడ్డకు పోయివచ్చిన మనిషికి పెళ్లి, పని, మాట విలువ అన్నీ ప్రశ్నార్థకమయ్యేవి.

5. 1987 చట్టం: మారిన పేర్లు, మారని ద్వారం

1912 చట్టానికి బదులు కొత్త చట్టం కావాలని భారత మానసిక వైద్యుల సంఘం 1950లోనే ముసాయిదాను ప్రభుత్వానికి అందించింది. ఆ ముసాయిదా చట్టమయ్యేందుకు 37 ఏళ్లు పట్టింది. 1978లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. 1981లో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు చివరకు 1987 మే 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అమలు 1993 ఏప్రిల్ 1న మొదలైంది. ఈ జాప్యం మానసిక రోగులకు రాజకీయంలో గొంతు లేకపోవడాన్ని సూచిస్తుంది.

మానసిక ఆరోగ్య చట్టం 1987 ఉన్మాది అన్న పదాన్ని తొలగించి మానసిక వ్యాధిగ్రస్తుడు అన్న పదాన్ని ప్రవేశపెట్టింది. కేంద్ర, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలను ఏర్పరచింది. ప్రైవేటు మానసిక వైద్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. స్వచ్ఛంద ప్రవేశాన్ని సులభతరం చేసింది. రోగి గౌరవానికి, మానవహక్కులకు ఒక అధ్యాయం కేటాయించింది. అయినా నిర్బంధ ప్రవేశానికి మేజిస్ట్రేటు ఉత్తర్వే ప్రధాన మార్గంగా మిగిలింది. ఆస్తి నిర్వహణకు జిల్లా న్యాయస్థానం మేనేజరును నియమించే పాత పద్ధతి కూడా కొనసాగింది.

న్యాయస్థానాల జోక్యం ఈ దశలో నిర్ణాయకమైంది. నేరమేమీ చేయని మానసిక రోగులను జైళ్లలో ఉంచడం రాజ్యాంగవిరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మానసిక వైద్యశాలల నాణ్యతపై ప్రచురించిన నివేదిక వాటిలో చాలా చోట్ల కారాగారపు నిర్మాణం, కారాగారపు అలవాట్లు కొనసాగుతున్నాయని వెల్లడించింది.

చట్టానికి సమాంతరంగా నడిచినది కార్యక్రమం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బళ్లారి జిల్లాలో జరిగిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు రాష్ట్రాల్లో ఒక్కొక్క జిల్లాలో ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది మెదక్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి శిక్షణనిచ్చి మామూలు మందులను ఊరికి దగ్గరగా అందించాలన్నది దాని సూత్రం. చట్టం ఆసుపత్రి గోడలను చూస్తుండగా, కార్యక్రమం గ్రామం వైపు తిరిగింది. ఈ రెండింటినీ కలిపే సూత్రం 1987 చట్టంలో లేదు.

6. గుడి, దర్గా, గొలుసు

చట్టం చేరని చోట జనం ఊరకే కూర్చోలేదు. మేళ్లచెరువు పరిసరాల్లో కృష్ణ ఒడ్డున ఉన్న మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంలో బాధలు తీరాలని కొన్ని రోజులు దీక్షగా ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం ఉంది. అదే ప్రాంతంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గాకు కులమత భేదం లేకుండా జనం మొక్కులతో వెళతారు. ఇటువంటి క్షేత్రాల్లో రోగి వెంట కుటుంబం ఉంటుంది; రోగికి నింద అంటదు; తిరిగి ఊరికి రావడానికి అడ్డు ఉండదు. మానసిక వైద్యశాల ఇవ్వలేని ఈ మూడింటినీ అవి ఇవ్వగలిగాయి. దీనిని మూఢనమ్మకంగా మాత్రమే చదివితే చట్టం ఎక్కడ విఫలమైందో అర్థం కాదు.

అయితే ఆశ్రయం వ్యాపారమైనచోట ప్రమాదం పొంచి ఉంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మరణించారు. 1987 చట్టం లైసెన్సు విధానం అమలులోకి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ ఘోరాన్ని సుప్రీంకోర్టు తానుగా విచారణకు స్వీకరించింది. మానసిక వైద్యశాల అన్న పేరు లేని చోటు చట్టం చూపుకు ఆనదన్న సత్యం దేశానికి తెలిసింది.

7. 2017 చట్టం: హక్కుగా మారిన దూరం

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదం పొంది, 2018 మే 29న అమలులోకి వచ్చింది. ఊరి ముందున్న మూడు ప్రశ్నలకు దీని జవాబులు పాత చట్టాలకు భిన్నమైనవి.

ఎవరికి చెప్పాలి? ప్రవేశానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇక సాధారణ మార్గం కాదు. వ్యక్తి తానే చేరవచ్చు. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే నామినీ ప్రతినిధి కోరికపై, వైద్య నిపుణుల పరీక్ష తరువాత 89వ సెక్షను కింద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. భవిష్యత్తులో తనకు ఎటువంటి చికిత్స కావాలో, వద్దో ముందే రాసి ఉంచే హక్కును 5వ సెక్షను ఇచ్చింది. తిరుగాడే రోగి కనిపిస్తే పోలీసు అతనిని రక్షణలోకి తీసుకొని 24 గంటల్లోగా సమీప ప్రజారోగ్య సంస్థకు చేర్చాలి, లాకప్పులో ఉంచరాదు. 1912 నాటి 13వ సెక్షను పక్కన 2017 నాటి 100వ సెక్షనును ఉంచి చదివితే ఒక శతాబ్దపు ప్రయాణం తెలుస్తుంది. పట్టుకోవడం స్థానంలో రక్షించడం, న్యాయస్థానం స్థానంలో ఆసుపత్రి వచ్చాయి.

ఎక్కడికి తీసుకుపోవాలి? 18వ సెక్షను ప్రతి వ్యక్తికీ ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక ఆరోగ్య సేవలు పొందే హక్కును కల్పించింది. సేవల కోసం దూరప్రయాణం చేయవలసిన అవసరం ఉండకూడదని ఆ సెక్షనే చెబుతుంది. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే ఆ జిల్లాలోని ఇతర సంస్థల్లో పొందిన చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, నిరాశ్రయులకు చికిత్స ఉచితం. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం కూడా హక్కే. సిమెంటు కర్మాగారాల వల్ల ఇతర రాష్ట్రాల కార్మికులు వచ్చి ఉండే మేళ్లచెరువు వంటి చోట ఈ భాషాహక్కుకు కొత్త అర్థం ఏర్పడుతుంది. ఒకప్పుడు తెలుగు రోగి జాల్నాలో పరభాషీయుడు. నేడు వలస కార్మికుడు ఇక్కడ పరభాషీయుడు.

తిరిగి ఎప్పుడు వస్తాడు? సమాజంలో జీవించే హక్కును 19వ సెక్షను గుర్తించింది. కుటుంబం వదిలివేసిందన్న కారణంగా మనిషిని ఆసుపత్రిలోనే ఉంచరాదు. గొలుసులతో బంధించడం, మత్తుమందు లేకుండా విద్యుత్ చికిత్స చేయడం 95వ సెక్షను కింద నిషిద్ధం. రోగులు నివసించే చోటు ఏదైనా, కుటుంబ నివాసం మినహా, మానసిక ఆరోగ్య సంస్థ నిర్వచనంలోకి వస్తుంది. ఇంట్లోనే హింసకు, నిర్లక్ష్యానికి గురయ్యేవారి కోసం 101వ సెక్షను ఉంది. ఎర్వాడి నేర్పిన పాఠం ఇక్కడ చట్టరూపం దాల్చింది.

ఆత్మహత్యా యత్నం విషయంలో మార్పు మరింత లోతైనది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను దానిని నేరంగా పరిగణించేది. 1980ల చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షను రాజ్యాంగబద్ధమేనని తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు 1994లో చెల్లదని చెప్పి, 1996లో చెల్లుతుందని తేల్చింది. 2017 చట్టం 115వ సెక్షను ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలనీ, శిక్షించరాదనీ, అతనికి సంరక్షణ కల్పించే బాధ్యత ప్రభుత్వానిదనీ నిర్దేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతును ఆసుపత్రికి తెచ్చే కుటుంబాలు ఎదుర్కొన్న పోలీసు కేసు భయానికి చట్టంలో ఇక ఆధారం లేదు.

8. చట్టంలో మిగిలిన ఖాళీలు

2017 చట్టంలో ఒక ముఖ్యమైన లోపం ఆస్తికి సంబంధించినది. 1858 నుంచి 1987 వరకు ప్రతి చట్టమూ రోగి ఆస్తి నిర్వహణకు నిబంధనలు చేసింది. 2017 చట్టం వాటిని పూర్తిగా విడిచిపెట్టింది. వ్యక్తి స్వయంప్రతిపత్తిని గౌరవించాలన్న సూత్రం నుంచి ఇది వచ్చింది. కానీ సాగర్ ఎడమ కాలువ నీటితో భూమి విలువ పెరిగిన హుజూర్‌నగర్ ప్రాంతంలో పట్టాదారు పాసు పుస్తకం ఒక రోగి పేరున ఉన్నప్పుడు బ్యాంకు రుణం, కౌలు, నష్టపరిహారం వంటి విషయాల్లో కుటుంబం ఎవరిని ఆశ్రయించాలన్న ప్రశ్నకు ఈ చట్టంలో జవాబు లేదు. పులిచింతల జలాశయం కింద భూములు కోల్పోయిన గ్రామాలు ఉన్న మండలంలో ఇది కాగితం మీది సమస్య కాదు.

రెండవది రాష్ట్రం పాత్ర. 2014 విభజనతో విశాఖపట్నం వైద్యశాల ఆంధ్రప్రదేశ్‌కు, ఎర్రగడ్డ తెలంగాణకు మిగిలాయి. చట్టం కేంద్రానిదైనా రాష్ట్ర ప్రాధికార సంస్థను నియమించడం, నిబంధనలు రూపొందించడం, జిల్లాకో కొన్ని జిల్లాలకో కలిపి సమీక్షా మండళ్లను నడపడం రాష్ట్రాల బాధ్యతతో ముడిపడినవి. న్యాయాధికారి, కలెక్టరు ప్రతినిధి, వైద్యులతో పాటు స్వయంగా మానసిక వ్యాధిని అనుభవించినవారికి లేదా వారి సంరక్షకులకు చోటిచ్చే ఆ మండలి పనిచేయకపోతే 30 రోజుల పరిమితి, అప్పీలు హక్కు కాగితంపైనే ఉంటాయి. జనాభాకు తగిన సంఖ్యలో మానసిక ఆరోగ్య నిపుణులను సమకూర్చే ప్రయత్నం చట్టం అమలైన పదేళ్లలో జరగాలని 31వ సెక్షను చెప్పింది. ఆ గడువు 2028 మే నెలతో ముగుస్తుంది.

మూడవది ప్రాంతీయ సమాచారం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని అది అంచనా వేసింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ లేవు. తెలుగు ప్రాంతాల అవసరాలను ఇతర రాష్ట్రాల సగటుతో కొలవవలసిన స్థితి చట్టం అమలు తొలి దశలో ఏర్పడింది.

9. ముగింపు

మేళ్లచెరువు నుంచి లెక్కిస్తే జాల్నా, ఎర్రగడ్డ, సూర్యాపేట అన్న మూడు పేర్లు మూడు యుగాలు. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడింది. 2019లో అక్కడా, నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యతో ఫోను దూరంలోకి వచ్చింది. ఆసుపత్రి ఊరి వైపు నడిచి వచ్చిన ఈ క్రమానికి చట్టాల క్రమం సమాంతరంగా సాగింది కానీ దానిని నడిపించలేదు. 1912 చట్టం సమాజాన్ని రోగి నుంచి కాపాడజూసింది. 1987 చట్టం రోగిని ఆసుపత్రి నుంచి కాపాడజూసింది. 2017 చట్టం రోగికి ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కునిచ్చింది. మొదటి రెండు చట్టాల అమలుకు పోలీసు, మేజిస్ట్రేటు ఉంటే చాలు. మూడవదాని అమలుకు వైద్యుడు, మందు, మండలి, నిధులు కావాలి. ఇవి రాష్ట్ర జాబితాలోని 6వ అంశం కిందివి. అందువల్ల పార్లమెంటులో ముగిసిందనుకున్న సంస్కరణ ఇప్పుడు రాష్ట్ర బడ్జెటులో, జిల్లా ఆసుపత్రిలో, మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పూర్తికావలసి ఉంది. ఆ కేంద్రంలో మానసిక వ్యాధికి మందు దొరికిన రోజున 18వ సెక్షను మేళ్లచెరువుకు చేరినట్లు.